నాలుగు లైట్ల బటన్

కొత్వాల్‌గూడ,
మాఘమాసం, శుక్రవారం.

చెల్లె లచ్చమ్మకు,

నీ అక్క కొండమ్మ చెప్పగా అనంతయ్య సారు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని సారు రాయబోతే నేనే చేయి పట్టి ఆపాను. క్షేమం లేదు. నీ కొడుకు ఉంచలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీకు అనిపిస్తుంది. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఇంతలో మా ఇంటి మీదుగా విమానం పోతుంది. ఆ చప్పుడు తగ్గేసరికి నువ్వు ఫోన్ పెట్టేసి ఉంటావు. కాగితమైతే మధ్యలో పెట్టేయలేవు. మొదటి నుంచి చివరి దాకా వినాల్సిందే. నాకు చదువు రాదు గాని చెప్పుకోవడం వచ్చు. నా మాటల్ని కొంచెం సాపు చేసి రాస్తానన్నాడు సారు. సాపు చెయ్యి గాని తిట్లు తీసేయకు అన్నాను.

మీ బావ పోయాక ఆ తెల్ల అంబాసిడరే నాకు ఆధారమని నీకు తెలుసు. ఈ చుట్టుపక్కల ఏ ఫంక్షన్ హాల్లో పెండ్లి అయినా ఊరేగింపుకు నా కారే కావాలంటారు. కొత్త కార్లు ఎన్ని లేవు? కాని ఫోటోలో ఇదే నిండుగా కనబడుతుందట. చందు నడుపుతాడు. పెండ్లికొడుకు పక్కన ఎవరు కూర్చోవాలో వాళ్ల ఇష్టం, డ్రైవర్ పక్కన మాత్రం నేనే.

ఊరేగింపులో కారు నత్తలా పోతుంది, వెనక లారీలవాళ్లు చూసుకోరు పెద్దమ్మా అని, ముందటేడు నీ కొడుకు జీవనే దానికి నాలుగు లైట్ల బటన్ పెట్టాడు. ఆ పాత కారుకు అది పుట్టుకతో లేదు. ఎర్ర బటన్, దాని మీద మూడు మూలల గుర్తు. ఒత్తితే ముందు రెండు, వెనక రెండు లైట్లు కొట్టుకుంటాయి. దాన్ని నేనెంత మంచిగా చూసుకున్నానో మైసమ్మ తల్లికి తెలుసు. ప్రతి శుక్రవారం నూనెలో పసుపు కలిపి నా చేత్తో పూసి, కుంకుమ దిద్ది, దండం పెట్టాను. ఇంట్లో పటాలకు కూడా అంత చేయలేదు.

ఇక మొన్నటి పెండ్లి సంగతి. పెండ్లికొడుకు గోవర్ధన్ నీ కొడుక్కి దోస్తే. శంషాబాద్ సర్వీస్ రోడ్డు మీద బ్యాండువాళ్లు ముందు, మేము వెనక. ఫంక్షన్ హాల్ గేటు వైపు తిప్పడానికి చందు ఇండికేటర్ వేశాడు. వెలగలేదు. ఎర్ర బటన్ ఒత్తాడు. అది లోపలికి పోయి అక్కడే కూర్చుంది, ఒక్క లైటూ వెలగలేదు. కారు తిరుగుతోందని తెలియక వెనక వచ్చే డీసీఎం వ్యాను వచ్చి తగిలింది. మెల్లగానే తగిలింది. కాని పెండ్లికొడుకు ముందుకు తూలి, నుదురు నా సీటుకు కొట్టుకుని, బాసింగం దారం తెగి కింద పడింది. పీటల మీదికి పోకముందే బాసింగం తెగడమంటే ఏమిటో నీకు చెప్పాలా? ఆడవాళ్లంతా నోటి మీద చేయి వేసుకున్నారు. "గీ ముసల్దాని బండి ఎందుకు మాట్లాడిండ్రు?" అని ఎవరో అన్నది నా చెవిన పడింది. ఇన్నేళ్లలో నా బండిని ఎవరూ అట్లా అనలేదు.

అప్పుడు డ్యాన్సు చేసేవాళ్ల మధ్యలోంచి నీ కొడుకు ఉరికొచ్చాడు. "పెద్దమ్మా, జర జరుగు, బటన్ జూస్త" అన్నాడు.

"జూసుడేంది రా? పాత ఇనుప సామాన్ల దొరికింది తెచ్చి నా బండికి పెట్టినవు! సొంత పెద్దమ్మ బండికే దొంగ సామాను ఏసినోనివి, ఊరోళ్ల బండ్లకు ఏం జేస్తున్నవు రా?" అన్నాను. బండి మీద చెయ్యి పెడితే ఊరుకోనని చెప్పు తీసి చూపించాను. అవును, చూపించాను, దాచను. పక్కనే బండ్లు ఆగే అడ్డా, అక్కడి డ్రైవర్లంతా చూస్తూనే ఉన్నారు. నీ కొడుకు నోరు మెదపలేదు. తప్పు లేనివాడైతే ఎందుకు ఊరుకుంటాడు, చెప్పు? తల దించుకుని వెళ్లిపోయాడు.

వాడు వచ్చి, తప్పైంది పెద్దమ్మా అనాలి. అంతవరకు నాకు చెల్లె లేదనుకుంటాను.

నీ అక్క,
కొండమ్మ


కందుకూరు,
మాఘం వెళ్లాక.

అక్క కొండమ్మకు,

నీ చెల్లె లచ్చమ్మ దండం. నేను చెప్తుంటే జీవన్ పెండ్లాం, నా కోడలు కళ్యాణి రాస్తోంది. తన మాట ఒక్కటి కూడా కలపొద్దని చెప్పాను. రాసేటప్పుడు అది కండ్లు తుడుచుకుంటే కాగితం మీద అక్కడక్కడ మచ్చలు పడ్డాయి. అవి నీళ్లే, ఏమనుకోకు.

అక్కా, నీ లెక్క నేను అరవలేను. చిన్నప్పటి నుంచి నీ గొంతే పెద్దది, నేను నీ వెనక నిలబడి ఊ కొట్టినదాన్నే. ఈసారి ఊ కొట్టలేను.

నువ్వు చెప్పు చూపించిన మర్నాటి నుంచి శంషాబాద్‌లో నా కొడుకు బండ్ల కరెంటు షాపుకు ఒక్క బండి రాలేదు. "పెద్దమ్మ బండికే దొంగ స్విచ్చు ఏసిండంట, మనకేం ఏస్తడు?" అని అడ్డా మీద మాట పుట్టింది. వాడికి పేరు కూడా పెట్టారు, దొంగ స్విచ్చు జీవన్ అని. ఆ పేరుతో పిలిచి, వాడు వెనక్కి తిరిగి చూస్తే నవ్వుతున్నారట. షట్టరు దించేసి పెండ్లాంతో సహా ఇక్కడికి వచ్చేశాడు. పొద్దున లేచి పక్కవాళ్ల తోటలో టమాట పెట్టెలు మోస్తున్నాడు. వైర్లు పట్టే చేతులు అక్కా అవి.

"నువ్వు ఏసింది పాతదా కొత్తదా, నాకన్న చెప్పు రా" అని అడిగాను. "కొత్తదేనమ్మా" అన్నాడు. "మరి ఎట్ల పాడైంది?" అంటే చెప్పడు. "నాకు తెలుసు గని చెప్పను, ఇడిచిపెట్టు" అంటాడు. రెండోసారి అడిగితే అన్నం దగ్గర నుంచి లేచిపోతాడు.

నువ్వు వాణ్ణి బటన్ ముట్టనివ్వలేదు. నువ్వూ విప్పి చూడలేదు. చూడకుండానే దొంగ అన్నావు. ఇప్పుడు ఒక పని చెయ్యి. నీకు నచ్చినవాడితో విప్పించు. వాడు వేసింది పాడు సామానైతే నేనే వాణ్ణి తీసుకొచ్చి నీ కాళ్ల మీద పడేస్తాను. వాడి తప్పు లేకపోతే, ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందే, అదే నోటితో నువ్వు చెప్పాలి. సరేనా?

నీ చెల్లె,
లచ్చమ్మ


కొత్వాల్‌గూడ,
ఫాల్గుణం.

లచ్చమ్మకు,

సరే. వందసార్లు సరే. నీ కోడలు మచ్చలు పడేటట్టు ఏడ్చి రాసినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. రావిర్యాలలో ప్రేమదాసు అని ఒకడున్నాడు, పాత బండ్ల కరెంటు పని చేస్తాడు. మన కులమూ కాదు, మన చుట్టమూ కాదు, ఎవరి పక్షమూ పట్టడు. హోళీ కాగానే అతని దగ్గరికి కారు తీసుకుపోతున్నాను. నా కండ్ల ముందు విప్పిస్తాను. నీ కొడుకు బట్టలు సర్దుకుని సిద్ధంగా ఉండమను, నా కాళ్ల దగ్గరికి రావడానికి.

కొండమ్మ


కందుకూరు,
మామిడికాయలు దిగే కాలం.

అక్కకు,

హోళీ పోయింది, ఉగాది పోయింది, నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. తపాలా ఆయన ఇటు వస్తుంటే కళ్యాణి గుమ్మంలోకి పోయి నిలబడుతుంది. ఆయన చేతులు ఊపి పోతాడు.

మొన్న మా ఊరి పిల్ల పెండ్లికి శంషాబాద్ పోయినవాళ్లు నీ కారును చూశారట. నాలుగు లైట్లూ కొట్టుకుంటున్నాయట. అంటే ప్రేమదాసు విప్పాడు, చూశాడు, బాగు చేశాడు. మరి ఏం చూశాడు అక్కా? ఏం చెప్పాడు?

జీవన్ ఇంకా పెట్టెలే మోస్తున్నాడు. భుజం వాచింది. ఇక్కడ పక్కింటాయన ట్రాక్టరు లైటు వెలగడం లేదని పిలిస్తే, "నాకు ఆ పని రాదన్నా" అన్నాడట. పని రాదన్నాడు అక్కా.

ఉన్నది ఉన్నట్టు రాయించు.

లచ్చమ్మ


కొత్వాల్‌గూడ,
జ్యేష్ఠం.

చెల్లెకు,

పని ఒత్తిడిలో ఉత్తరం రాయించలేదు. ముహూర్తాలు ఎక్కువ ఉన్నాయి. సారుకు కూడా కండ్లకు ఆపరేషన్ అయింది.

కారు బాగానే ఉంది. ప్రేమదాసు ఏదో చిన్న పని చేశాడు. లోపల ఏదో పట్టుకుందట. పాత బండి అన్నాక ఏదో ఒకటి ఉంటుంది. దాని గురించి ఇక తవ్వుకోవడం ఎందుకు? ఎంతైనా వాడు నా బిడ్డ లాంటివాడు. నేను జీవన్‌ను క్షమించాను. షాపు తెరుచుకోమను. ఎవడేమన్నా నా పేరు చెప్పమను. మామిడికాయ తొక్కు పెట్టాను, ఒక జాడీ పంపిస్తున్నాను.

కొండమ్మ


కందుకూరు.

కొండమ్మకు,

క్షమించావా? దేనికి? వాడు ఏం చేశాడని?

లోపల ఏదో పట్టుకుందని రాయించావు. ఆ ఏదో ఏమిటో రాయించలేదు. నీకు నోరు తెరిస్తే మూయడం రాదని ఊరంతా అంటుంది. ఈ ఒక్క దగ్గర మూసుకున్నావంటే నాకు అర్థమైంది. పక్కన కూర్చుని రాస్తున్న కళ్యాణికి కూడా అర్థమైంది.

తొక్కు జాడీ తెచ్చిన బస్సులోనే తిరిగి పంపాను. ఇక నాకు ఉత్తరాలు వద్దు.

లచ్చమ్మ


కొత్వాల్‌గూడ,
ఆషాఢం, బోనాల తర్వాత.

లచ్చమ్మకు,

వద్దన్నా రాయిస్తున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదివించుకో. కళ్యాణి, బిడ్డా, నువ్వే చదువు, గట్టిగా చదువు. వాడు ఇంట్లో ఉంటే వాడికి వినబడేటట్టు చదువు.

ఈ ఉత్తరం చెప్పడానికి నేను సారు దగ్గరికి మూడుసార్లు వచ్చి, నీళ్లు తాగి, ఎండల గురించి మాట్లాడి తిరిగి పోయాను. మిగతా సంగతులు ఏవైనా ఇంకొకరితో చెప్పి రాయించవచ్చు. సిగ్గుపడే సంగతి ఇంకొకరికి చెప్పి రాయించడం చానా కష్టం చెల్లె. చదువుకున్నవాళ్లు అదృష్టవంతులు. వాళ్ల సిగ్గును వాళ్లే రాసుకుని కవరు మూసుకుంటారు. నాది ముందు సారు వినాలి, తర్వాత మీ ఇంట్లో అందరూ వినాలి. వినండి.

హోళీ వెళ్లాక రావిర్యాల పోయాము. ప్రేమదాసు బటన్ ఊడదీసి, స్క్రూలు తిప్పి రెండు చెక్కలు చేశాడు. లోపలికి చూసి, నన్ను చూసి, మళ్లీ లోపలికి చూశాడు.

"అవ్వా, గిది స్విచ్చా, బొట్టుపెట్టెనా?" అన్నాడు.

లోపలంతా పసుపు. నూనెతో కలిసి గడ్డకట్టి, దాని మీద కుంకుమ అంటుకుని, నల్లగా, ఎర్రగా, కుండ అడుగున మాడిన పొంగలి లాగా ఉంది. రాగి ముక్కలు ఒకదానికొకటి తగలాలట, వాటి మధ్య నా పూజ కూర్చుంది. ఇండికేటర్ల కరెంటు కూడా ఆ బటన్ లోంచే పోతుందట, అందుకే అవి కూడా చచ్చాయి.

"దీనికి ఎందుకు పూసినవ్ అవ్వా?" అని అడిగాడు.

"మైసమ్మ గుర్తు కదా, ఎట్ల పూయకుంట?" అన్నాను.

అతను నవ్వలేదు, పాపం. "గది మైసమ్మ గుర్తు గాదవ్వా. బండికి ఏదో అయింది, జర చూసుకొని రాండ్రి అని ఎనకోళ్లకు చెప్పే గుర్తు. అన్ని బండ్లకు గదే ఉంటది" అన్నాడు.

అన్ని బండ్లకూ ఉండడం చూసే కదా నేను నమ్మింది! ఎరుపు రంగు, మూడు మూలలు, ఒత్తితే కన్ను మూసి తెరిచినట్టు వెలుగు. తోవ మీద కాపాడే తల్లి కాకపోతే ఎవరు అనుకున్నాను. ఒక్కరిని అడిగితే తెలిసేది. అడిగితే గుర్తులు కూడా తెలియని మొద్దుదని అంటారని అడగలేదు. అడగకుండా ఉండడానికే గట్టిగా మాట్లాడడం నేర్చుకున్నాను. నా నోటికి ఊరంతా భయపడితే, నాకు ఏం తెలియదో ఎవరూ చూడరని.

సారు కలం ఆపి నా వైపు చూస్తున్నాడు. రాయి సారూ, ఆపకు, ఇంకా ఉంది.

పోయినేడు దసరాకు ముందు జీవన్ కారు చూడడానికి వచ్చాడు. బటన్‌ను గుడ్డతో తుడిచి, "పెద్దమ్మా, దీని మీద నూనె పెట్టకు, లోపటికి పోతది" అన్నాడు. "అమ్మవారికి అడ్డం వస్తవా రా?" అని నేను కసిరాను. వాడు నా ముఖం చూశాడు, బటన్ చూశాడు. వాడికి అప్పుడే అర్థమైంది, నేను దాన్ని ఏమనుకుంటున్నానో. "ఏం లేదు పెద్దమ్మా, జర తక్వ పెట్టు" అని ఊరుకున్నాడు.

అంటే పెండ్లినాడు వాడికి తెలుసు చెల్లె. నేను దొంగ సామాను అన్నప్పుడు తెలుసు. చెప్పు తీసినప్పుడు తెలుసు. "నువ్వే పసుపు పూసి పాడు చేసినవు, గది మైసమ్మ గాదు" అని ఒక్క మాట అంటే చాలు, ఆ బ్యాండువాళ్లతో సహా అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు. ఆ మాట అనకుండా పోయాడు. నేనేమో, తప్పు లేనివాడైతే ఎందుకు ఊరుకుంటాడని నీకు రాయించాను.

తర్వాత నేను చేసింది ఇంకా నీచం. ప్రేమదాసు చేత తన బిడ్డల మీద ఒట్టు పెట్టించి ఎవరికీ చెప్పొద్దన్నాను. అతను లోపలంతా గోకి, పెట్రోలుతో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించాడు. "జీవన్ చేసిన వైరింగు ముట్టవల్సిన పనే లేదు, మంచిగ చేసిండు. గని ఈ స్విచ్చు ఎక్కువ రోజులు రాదు, కొత్తది ఏసుకో" అన్నాడు. ఆ మాట కూడా నీకు చెప్పకుండా, క్షమించానని రాయించాను. తొక్కు జాడీ పంపాను. ఆ జాడీ తిరిగి వచ్చిన నాడు నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

మొన్న బోనాలకు నేను బోనం ఎత్తలేదు. ఒంట్లో బాగలేదని అందరికీ చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది. తల్లి ముందుకు ఏ ముఖంతో పోను? నా తప్పుకు ఆమె పేరు అడ్డం పెట్టుకున్నాను.

నీకిచ్చిన మాట ఉంది. ఎవరి ముందు అన్నానో వాళ్ల ముందే చెప్పాలి. శ్రావణంలో గోవర్ధన్ పెండ్లాం పూర్ణిమకు తల్లిగారు ఒడిబియ్యం పోస్తున్నారట, అదే ఫంక్షన్ హాల్లో. ఆనాటి జనమంతా వస్తారు. నన్ను పిలవలేదు. బాసింగం తెంపిన బండి ముసల్దాన్ని ఎవరు పిలుస్తారు? పిలవకున్నా పోతాను.

మీరు రావాలని అడగను.

కొండమ్మ


కందుకూరు,
శ్రావణం మొదట్లో.

అక్కకు,

నీ ఉత్తరం కళ్యాణి గట్టిగానే చదివింది. జీవన్ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. మధ్యలో నీళ్ల చప్పుడు ఆగింది. చదవడం అయ్యాక చూస్తే లేడు, తోటకు పోయాడు.

సాయంత్రం అన్నం పెడుతూ, "నువ్వు ఆనాడే ఎందుకు చెప్పలేదు రా, మాకన్న చెప్పద్దా?" అని అడిగాను.

"నలుగుట్ల ఎట్ల చెప్పాల్నమ్మా, పెద్దమ్మకు గుర్తు తెల్వదని? మీకు చెప్తె కళ్యాణి ఊకుంటదా? అడ్డా మీదికి పోయి చెప్తది" అన్నాడు. కళ్యాణి అక్కడే ఉంది. "చెప్పేదాన్నే" అంది.

మాకూ ఒడిబియ్యానికి పిలుపు వచ్చింది. మేము రావడం లేదు. నిన్ను నలుగురిలో అట్లా చూడడానికి నా కాళ్లు రావు. నీ మీద కోపం పోయిందని మాత్రం అనుకోకు. పోలేదు. కళ్యాణి ఇక్కడ ఒక మాట కలుపుతానంటోంది, కలపనిచ్చాను.

పెద్దమ్మా, నేను కళ్యాణిని. మీరు ఒడిబియ్యంలో చెప్తే చుట్టాలు వింటారు. మా ఆయనకు బండ్లు తెచ్చేది చుట్టాలు కాదు, అడ్డా మీది డ్రైవర్లు.

లచ్చమ్మ


కొత్వాల్‌గూడ,
శ్రావణం వెళ్లే ముందు.

చెల్లె లచ్చమ్మకు, బిడ్డ కళ్యాణికి,

పోయాను. చెప్పాను. ఎట్లా జరిగిందో నా నోటితోనే మీకు తెలియాలి.

ఆడవాళ్లంతా పూర్ణిమకు బియ్యం పోసి, పాట పాడి, కూర్చున్నాక నేను లేచాను. నా గొంతు నీకు తెలుసు కదా, మైకు అవసరం లేదు. ఆరోజు ఆ గొంతు ఎక్కడికి పోయిందో, "అమ్మా వినుండ్రి" అంటే ముందు వరుసకు కూడా వినబడలేదు. గోవర్ధన్ తల్లి, "ఏందవ్వా, ఏం గావాలె?" అంది, అన్నం కోసం వచ్చాననుకుని.

"నా బండి బటన్ పాడు చేసింది జీవన్ గాదు, నేను. పసుపు పూసి పాడు చేసిన. గది మైసమ్మ గుర్తనుకున్న. నాకు చదువు రాదు. పోరడు దొంగ గాదు. చెప్పు నాకు చూపియ్యాలె, నేను వానికి చూపిచ్చిన" అన్నాను.

కొంచెంసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. ముందు ఒకామె కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అందరూ. "మా స్కూటీకి గూడ ఒక శుక్రారం పూజ చేసిపో అవ్వా!" అన్నది ఒక పిల్ల. పూర్ణిమ మాత్రం నవ్వలేదు. బాసింగం తెగిన నాటి నుంచి ఆ పిల్లను అత్తగారింట్లో ఎట్లా చూశారో నాకు తెలియదు. నా మాట విన్నాక అత్త వైపు మాత్రం ఒకసారి నేరుగా చూసింది. "ఇగ చాలు, కూసొని తినిపో" అని గోవర్ధన్ తల్లి ఆకు వేయించింది. తిన్నాను. ఆ నవ్వుల మధ్య కూర్చుని ప్రతి ముద్ద మింగాను. లేచి పోతే తప్పించుకున్నట్టు అవుతుందని.

కళ్యాణి, నువ్వు రాసిన మాట నిజం. అక్కడి నుంచి నేరుగా అడ్డా మీదికి పోయాను. డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. అక్కడ చెప్పడం ఇంకా కష్టమైంది. లక్ష్మణ్ అనే మనిషి, జీవన్‌కు దొంగ స్విచ్చు అని పేరు పెట్టింది అతనేనట, "ఇన్ని దినాలకు చెప్తున్నవా అవ్వా? పోరడు షాపే బందు పెట్టుకొని పోయె" అన్నాడు. అవును, నా తప్పే అన్నాను. ఇప్పుడు నాకు పసుపవ్వ అని పేరు పెట్టారు. ఎదురైతే అట్లే పిలుస్తారు. నేను పలుకుతున్నాను. జీవన్‌కు పెట్టిన పేరు పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ఒకరిద్దరు ఇంకా అంటున్నారు. నేను విన్నప్పుడల్లా ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్తున్నాను. పేరు పెట్టడానికి నాకు ఒక్క అరుపు సరిపోయింది, తీసేయడానికి ఎన్ని కావాలో తెలియదు.

ఇక మొన్నటి సంగతి. వాడు మీకు చెప్పి ఉండడు.

పొద్దున్నే గేటు ముందు బండి ఆగింది. చూస్తే జీవన్. లోపలికి రాలేదు. ప్రేమదాసు చెప్పినట్టే ఆ స్విచ్చు మళ్లీ పట్టేసిందని, ఇంకోసారి ఎవరికైనా దెబ్బ తగులుతుందని చందు ఫోన్ చేశాడట. కొత్త స్విచ్చు పెట్టె చేతిలో ఉంది. "కారు తాళం ఇయ్యిండ్రి" అన్నాడు. పుట్టి ఇంతవాడైనా వాడు నాతో ఎన్నడూ ఇయ్యిండ్రి అనలేదు, ఇయ్యే పెద్దమ్మా అనేవాడు. తాళం ఇచ్చాను. నీళ్లు తెచ్చి పెట్టాను. ముట్టలేదు. చాయ్ పెట్టనా అంటే తల అడ్డం ఊపాడు.

ముందు సీట్లో వంగి పాతది ఊడదీశాడు. దాన్ని నా వైపు తిప్పి చూపిస్తాడేమోనని నేను తల దించుకున్నాను. చూపించలేదు, జేబులో వేసుకున్నాడు. వైర్లు ఒక్కొక్కటి కొత్తదానికి పెట్టాడు, టేపు చుట్టాడు, బిగించాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. వాణ్ణి క్షమించానని మీకు రాయించింది గుర్తొచ్చి, ఆ మాటే నా నోటికి పాడైపోయిందనిపించింది.

చివరికి వాడికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. లోపల కూర్చుని ఒత్తేవాడికి వెనక లైట్లు కనబడవు కదా. చుట్టూ చూశాడు. చందు లేడు, నేనే ఉన్నాను.

"ఎనకకు పోయి జర చూడుండ్రి" అన్నాడు.

పోయాను. ఒత్తాడు. "ఎలుగుతున్నయా?"

వెలుగుతున్నాయి. పసుపు రంగులో, చక్కగా, రెండూ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతున్నాయి, ముందటి రెండింటి వెలుగు ఎదుటి గోడ మీద పడుతోంది. నేను జవాబు చెప్పలేదు. చెబితే పని అయిపోతుంది. తాళం చేతిలో పెట్టి, బండెక్కి పోతాడు.

"ఎలుగుతున్నయా లేవా?" అని మళ్లీ అడిగాడు.

ఒక్క అబద్ధం చాలు చెల్లె. ఎడమ దిక్కుది వెలగడం లేదంటే మళ్లీ విప్పేవాడు. ఇంకొంచెంసేపు నా వాకిట్లో ఉండేవాడు. అప్పటికి ఎండెక్కేది, నీళ్లన్నా తాగేవాడేమో. ఆ మాట నాలుక మీదికి వచ్చింది, నిజంగానే వచ్చింది.

"ఏందే పెద్దమ్మా, చెప్పవేందే! ఎలుగుతున్నయా?"

మా ఇంటి మీదుగా విమానం పోతోంది. అది పోయేదాకా ఆగాను. వాడు చేసిన పనికి ఇంకోసారి వంక పెట్టలేను కదా. వీధి చివరి దాకా వినబడేటట్టు, నా పాత గొంతుతోనే అరిచి చెప్పాను.

"ఎలుగుతున్నయ్ బిడ్డా! నాలుగు మంచిగ ఎలుగుతున్నయ్! నీ పనిల ఏం తప్పు లేదు!"

వాడు బటన్ ఆపేశాడు. తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నీళ్ల చెంబు అట్లే ఉంది. బండెక్కి పోయాడు.

మీ కొండమ్మ